కారుకి షాంపూ ఎలా పట్టించాలి: ఫోమ్ లాన్సా, పంప్ స్ప్రేయరా, బకెట్టా?

నల్లసెడాన్:

నమస్తే అందరికీ. ప్రశ్న కొంచెం పొడుగుంటుంది, ఓపిక పట్టండి.

నాది నల్ల కారు. ఎండలో పక్కనుంచి చూస్తే బానెట్ నిండా గుండ్రంగా తిరిగిన సన్న గీతలు కనబడేవి. ఈమధ్య పాలిష్ చేయించాక అవి పోయాయి. మళ్లీ రానివ్వకూడదని కడిగే పని ఇంట్లోనే పెట్టుకున్నాను. చిన్న ప్రెషర్ వాషర్, దానికి తగిలించి నురగ కొట్టే ఫోమ్ లాన్స్, చేత్తో గాలి కొట్టే 2 లీటర్ల పంప్ స్ప్రేయర్, రెండు బకెట్లు, చేతికి తొడుక్కుని రుద్దే మైక్రోఫైబర్ మిట్ ఒకటి ఉన్నాయి. చెయ్యి పెట్టేముందు కొట్టడానికి ఆల్కలైన్ (క్షార) రకం ప్రీవాష్ లిక్విడ్ కొన్నాను. లాన్స్‌లోనూ స్ప్రేయర్‌లోనూ వాడొచ్చని డబ్బా మీదే ఉంది.

నాకు అంతుపట్టనిది ఇదీ. లాన్స్‌తో కొడితే కారు మొత్తం తెల్లగా కప్పుకుపోతుంది. నురగ అద్దాల మీంచి మెల్లగా జారుతుంటే చూడ్డానికి భలే ఉంటుంది. అయిదు నిమిషాలాగి నీళ్లు కొట్టి, డోరు కింది భాగం మీద వేలు పెట్టి లాగితే మాత్రం బూడిదరంగు మడ్డి వేలికి అంటుకుంటోంది. అదే మందు పంప్ స్ప్రేయర్‌తో కొడితే నురగ అంతంతమాత్రం, చూస్తుండగానే కారిపోతుంది. కానీ నీళ్లు కొట్టాక వేలికి దాదాపు ఏమీ అంటదు. రెండింట్లోనూ కొలత ఒకటే: 1 లీటరు బాటిల్‌కి 100 ఎం.ఎల్. మందు, మిగతాది నీళ్లు. నురగ ఎక్కువున్న చోట మురికి తక్కువ పోవడమేంటి?

ఇంకోటి. కొందరు పైనుంచి కిందికి కొట్టమంటారు, కొందరు కిందనుంచి పైకి. ఏది సరైనది? అసలు ఈ గొడవంతా లేకుండా మిట్ మీదే షాంపూ పోసి రుద్దేస్తే ఏమవుతుంది?

బకెట్_బాబాయ్:

నురగంతా హంగు తమ్ముడూ. ముందు నీళ్లు కొట్టు, ఒక బకెట్లో షాంపూ, మిట్ జాడించడానికి ఇంకో బకెట్లో మంచినీళ్లు, మంచి మిట్ ఒకటి. అయిపోయింది. నా కారు తెల్లది అనుకో, గీతలున్నా కనబడవు. కానీ నీ కారుకైనా పద్ధతి ఇదే. లాన్సులు, స్ప్రేయర్లు అంటూ పోతే కడిగే టైమ్ కన్నా సామాను సర్దుకునే టైమ్ ఎక్కువవుతుంది.

తడిగుడ్డ:

బాబాయ్ గారు చెప్పిన రెండు బకెట్ల పద్ధతికి నేనూ ఓటేస్తాను. కానీ వేలికి మడ్డి అంటుతున్న డోరు మీద నేరుగా మిట్ పెట్టి లాగడమంటే ఆ మడ్డితోనే పెయింట్‌ని రుద్దడం. నల్ల కారుకి అది పనికిరాదు. నేను కార్లు కడిగే పనిలోనే చాలాకాలంగా ఉన్నాను, ఇప్పుడు సొంతంగా వాష్ బే నడుపుతున్నాను. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీ వేలి పరీక్ష సరైనదే. రెండు బాటిళ్లలో కలిపింది ఒకటే అయినా, బండి మీద పడుతున్నది ఒకటి కాదు.

పంప్ స్ప్రేయర్‌లో గాలి ఒత్తిడికి లోపల ఉన్నది ఉన్నట్టు బయటికొస్తుంది. 10 శాతం కలిపితే డోరు మీద పడేదీ 10 శాతమే. లాన్స్ అలా పనిచేయదు. ప్రెషర్ వాషర్ నీళ్లు లోపలి సన్న రంధ్రంలోంచి దూసుకుపోతూ బాటిల్లోని మందుని గొట్టంలోంచి లాక్కుంటాయి. అంటే మీరు బాటిల్లో ఒకసారి పలచన చేశారు, లాన్స్ దాన్ని ఇంకోసారి పలచన చేస్తోంది. ఎంత పలచన అనేది మీ మిషన్ నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తుంది, లాన్స్ రంధ్రం ఎంత, పైనున్న నాబ్ ఎంత తిప్పారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే వీడియోలో ఎవరో చెప్పిన కొలత మీకు పనిచేయదు.

మీ లాన్స్ సంగతి మీరే కొలుచుకోండి, ఎంతోసేపు పట్టదు. బాటిల్లో 1 లీటరు ఉత్త నీళ్లు నింపండి. నాబ్ మీరు మామూలుగా ఎక్కడ పెడతారో అక్కడే ఉంచండి. 20 లీటర్ల బకెట్లోకి లాన్స్ మూతి దించి, పైన పాత తువ్వాలు కప్పి ట్రిగ్గర్ నొక్కండి. తువ్వాలు లేకపోతే సగం మీ మీదే పడి లెక్క తప్పుతుంది. బాటిల్ ఖాళీ అవగానే వదిలేసి బకెట్లో ఎన్ని లీటర్లున్నాయో చూడండి. 12 లీటర్లు వచ్చాయనుకుందాం. మీ 100 ఎం.ఎల్. మందు ఆ 12 లీటర్లలో కలిసిందన్నమాట. అంటే 0.8 శాతం. స్ప్రేయర్‌తో పడుతున్నది 10 శాతం. పన్నెండు రెట్లు తేడా ఉంటే వేలికి తెలియకుండా ఎలా ఉంటుంది?

మరి అంత పలచన మందుకి అంత నురగ ఎలా వస్తుందంటారేమో. లాన్స్‌లో ఒక తీగల జాలీ ఉంటుంది. నీళ్లు, మందు, గాలి దాంట్లోంచి దూరి చిక్కటి నురగవుతాయి. నురగలో ఎక్కువ భాగం గాలే. గాలి మురికిని వదిలించదు, పెయింట్‌ని తాకే తడి వదిలిస్తుంది. నురగ పని ఆ తడిని నిలువు డోరు మీద కాస్త ఎక్కువసేపు ఆపడం వరకే. అందుకే కదలకుండా గడ్డకట్టుకుని కూర్చునే నురగ నాకు నచ్చదు. కాస్త తడిగా ఉండి నెమ్మదిగా జారే నురగే మురికిని వెంట తీసుకుపోతుంది. ఫొటోకి మొదటిది బాగుంటుంది, కాదనను.

ఇక పైనా కిందా గొడవ. మందు కొట్టడం వేరు, మిట్ పెట్టడం వేరు. రెండింటినీ కలిపేసి మాట్లాడబట్టే ఈ వాదన తెగదు.

ఆల్కలైన్ మందు స్ప్రేయర్‌తో కొట్టేటప్పుడు నేను కిందనుంచి పైకే వెళతాను. పైన మొదలుపెడితే మందు చారలు చారలుగా పొడి మురికి మీదికి కారుతుంది. ఆ చార పడిన చోట ముందే నాని మురికి వదులుతుంది, పక్కన మురికి అలాగే ఉంటుంది. కడిగి ఆరాక ఆ చారలు కనబడతాయి, మళ్లీ కొట్టాలి. కిందనుంచి వస్తే పైనుంచి కారేది అప్పటికే తడిసిన చోట పడుతుంది. పైగా మురికంతా చక్రాల వెనక, డోరు కింద, వెనక బంపర్ మీద ఉంటుంది. దానికి నానే టైమ్ కాస్త ఎక్కువ దొరుకుతుంది. నీళ్లు కొట్టేదీ, మిట్ పెట్టేదీ మాత్రం పైనుంచి కిందికే. లేకపోతే కింది ఇసుకని తీసుకెళ్లి పైకప్పుకి రుద్దినట్టే.

ఎంతసేపు ఉంచాలంటే, అంట్లు నానబెట్టినట్టే, నానాలి కానీ ఎండకూడదు. మూడు నుంచి అయిదు నిమిషాలు చాలు. బానెట్ మీద చెయ్యి వెనకభాగం ఆనించి చూడండి, వేడిగా ఉంటే ముందు చల్లారనివ్వండి. ఆల్కలైన్ మందు ఎండిపోతే కిటికీల చుట్టూ ఉండే మెరుపు పట్టీల మీద తెల్లమచ్చలు పడతాయి, అవి మళ్లీ పోవు.

మిట్ మీద నేరుగా షాంపూ పొయ్యొద్దు. షాంపూలో మురికి వదిలించేది ఒకటైతే జారుడునిచ్చేది ఇంకోటి. ఆ జారుడు నీళ్లతో కలిసి ప్యానెల్ అంతా పరుచుకుంటేనే మిట్ సాఫీగా జరుగుతుంది. చిక్కగా ఒకచోట పోస్తే అక్కడ జిగటగా, పక్కన పొడిగా ఉంటుంది. డబ్బా మీద రాసినంతే బకెట్లో వెయ్యండి. ఎక్కువ వేస్తే పొరలా మిగిలి ఆరాక మసకగా కనబడుతుంది.

రంగు పైన ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, మందం చాలా కార్లకి 40, 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది. పాలిష్ చేసిన ప్రతిసారీ దాంట్లోంచే కొంత పోతుంది. కాబట్టి మీ శ్రమ వృథా కాదు.

నల్లసెడాన్:

అన్నా, ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్. వెంటనే కొలిచాను. నాది 11 లీటర్లు వచ్చింది. నా మందు డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ‘ప్యానెల్ మీద 3 శాతం’ అని ఉందని ఇప్పుడు చూశాను. 11 లీటర్లకి 3 శాతం అంటే 330 ఎం.ఎల్.! అంత వేసి కొడితే నిజంగానే వేలికి ఏమీ అంటలేదు. కానీ ఒక్కో కడుగుడుకి మూడో వంతు లీటరు అంటే డబ్బా ఎన్నాళ్లొస్తుంది?

తడిగుడ్డ:

అన్న కాదు, అక్క. పర్లేదు, అందరూ అలాగే అనుకుంటారు.

అందుకే బలమైన మందుకి లాన్స్ వాడొద్దంటాను. అదే 3 శాతం స్ప్రేయర్‌లో 1 లీటరుకి ఎంత? 30 ఎం.ఎల్. మీరు ఇంతకుముందు కలిపిన 100 కూడా ఎక్కువే. ఆ లీటరుతో చక్రాల మీంచి డోరు హ్యాండిల్ ఎత్తు దాకా చుట్టూ కొట్టొచ్చు. మురికి ఉండేది అక్కడే కదా. పైకప్పు మీద ఉండేది మామూలు దుమ్ము, దానికి నీళ్లూ పలచని నురగా చాలు.

నా వరస ఇది. ముందు చక్రాలు. తర్వాత స్ప్రేయర్‌తో కింది సగానికి ఆల్కలైన్ మందు. నీళ్లు. తర్వాత లాన్స్‌లో మామూలు న్యూట్రల్ (క్షారం, యాసిడ్ రెండూ కాని) షాంపూ, కారంతా. ఆ నురగ కారు మీద ఉండగానే మిట్. ఇక్కడ నురగ పని మురికి వదిలించడం కాదు, మిట్ కింద జారుడుగా ఉండడం. కాబట్టి పలచనైనా నష్టం లేదు. లాన్స్ కొన్నందుకు దాన్ని ఈ పనికి వాడుకోండి, బాబాయ్ గారి బకెట్లు ఎలాగూ ఉంటాయి.

మీ మిషన్ చిన్నది కాబట్టి ఒక మాట. లాన్సుల్లో మామూలుగా 1.25 మి.మీ. రంధ్రం వస్తుంది. నీళ్లు తక్కువ తోసే ఇంటి మిషన్లకి 1.1 మి.మీ. బిగిస్తే ఒత్తిడి పెరిగి నురగ మెరుగవుతుంది. చిన్న ఇత్తడి ముక్క, మీరే మార్చుకోవచ్చు. మార్చాక బకెట్ లెక్క మళ్లీ చూసుకోవాలి.

చినుకు_పడితే:

అక్కా, ఒక్కచోట నాకు కుదరట్లేదు. మీరు పొడి కారు మీదే మందు కొడుతున్నట్టున్నారు. ముందు నీళ్లు కొట్టి దుమ్ము దించాక కదా మందు కొట్టాలి? పొడి మీద కొడితే మందు దుమ్ముకే ఖర్చయిపోదూ?

తడిగుడ్డ:

మంచి ప్రశ్నే. ఇది మురికి రకాన్ని బట్టి ఉంటుంది. బురద గడ్డలు, చక్రాల గూళ్లలో మట్టి ఉంటే ముందు నీళ్లతోనే రాల్చాలి. అక్కడ మందు కొట్టడం దండగ. రోడ్డు మీద తిరిగి పట్టిన పలచని జిడ్డు పొర అయితే నేను పొడి మీదే కొడతాను. తడి ప్యానెల్ మీద అప్పటికే నీటిపొర ఉంటుంది, మందు దాంట్లో కలిసి ఇంకోసారి పలచనై జారిపోతుంది. ముందు నీళ్లు కొట్టాల్సివస్తే రెండు మూడు నిమిషాలు కారనిచ్చి అప్పుడు కొట్టండి. ఎండకి కాలిన కారు అయితే చల్లార్చడానికైనా నీళ్లు ముందు తప్పవు.

పురుగులు, పక్షి రెట్టలు వేరే లెక్క. మందు కొట్టి గోకొద్దు. గుడ్డని మందు నీళ్లలో తడిపి ఆ మచ్చ మీద పరిచి వదిలేయండి. కాసేపటికి మెత్తబడి గుడ్డతోపాటే వచ్చేస్తుంది.

మూడో_అంతస్తు:

ప్రెషర్ వాషరూ లేదు, కుళాయి కూడా లేదు, పార్కింగ్‌లో ఒక బకెట్ నీళ్లు తెచ్చుకుంటే గొప్ప. నాలాంటివాళ్లకి ఏంటి దారి? తర్వాత నీళ్లతో కడగక్కర్లేని రిన్స్‌లెస్ లిక్విడ్ వాడుతున్నాను. నీళ్లు కలిపిన ఆ లిక్విడ్‌ని గుడ్డ మీద కొట్టి తుడుస్తున్నాను, ఎక్కడో అనుమానంగా ఉంది.

తడిగుడ్డ:

అనుమానం నిజమే. గుడ్డ తడిసింది కానీ కారు తడవలేదు. మీరు తుడిచే చోట దుమ్ము ఇంకా పొడిగానే ఉంది.

రిన్స్‌లెస్ లిక్విడ్లలో కొన్నింటికి 1 వంతు లిక్విడ్‌కి 256 వంతుల నీళ్లు కొలత. అంటే 10 లీటర్ల బకెట్‌కి 40 ఎం.ఎల్. లోపే. మీ డబ్బా మీద ఏముందో చూసుకోండి. ఆ బకెట్లోంచే కొంచెం చిన్న స్ప్రేయర్‌లో పోసుకుని ఒక డోరు మొత్తం తడిసి కారేలా కొట్టండి. ఒకటి రెండు నిమిషాలాగండి. ఇప్పుడు బకెట్లో నానిన మైక్రోఫైబర్ గుడ్డని నాలుగు మడతలు పెట్టి, బరువు వెయ్యకుండా ఒకే దిక్కుకి లాగండి. ఒక లాగుడు కాగానే మడత తిప్పి శుభ్రమైన వైపు పెట్టండి. గుడ్డ రెండు వైపులా అయిపోతే పక్కన పడెయ్యండి, మళ్లీ బకెట్లో ముంచొద్దు. ఏడెనిమిది గుడ్డలుంటే కారు అయిపోతుంది, బకెట్లో నీళ్లు చివరిదాకా తేటగానే ఉంటాయి. ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో ఒత్తుకోండి.

బురద పట్టిన కారుకి మాత్రం ఇది వద్దు. ఆ రోజుకి ఎక్కడైనా నీళ్లున్న చోటికి తీసుకెళ్లండి.

నల్లసెడాన్:

అక్కా, సారీ, తెలియక ‘అన్నా’ అన్నాను. చక్రాల గురించి కూడా చెప్పండి. ఊదారంగులోకి మారే క్లీనర్ ఒకటి తెచ్చాను. దీన్నీ ఆ పంప్ స్ప్రేయర్‌లోనే పోసుకోవచ్చా? అలాగే టైర్లని మెరిపించే టైర్ డ్రెస్సింగ్, డాష్‌బోర్డ్ క్లీనర్ రెండూ స్ప్రే బాటిళ్లలోనే వచ్చాయి.

తడిగుడ్డ:

ఊదారంగు క్లీనర్ని దాని సీసాలోంచే కొట్టండి. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడితో కలిస్తే అది ఊదాగా మారుతుంది. వాసన మాత్రం కుళ్లిన గుడ్ల వాసనే, గాలి ఆడే చోట, గ్లౌజులు వేసుకుని చెయ్యండి. చక్రం చల్లగా ఉండాలి. ఇప్పుడే నడిపి వచ్చి వేడి డిస్కు మీద కొడితే క్షణాల్లో ఎండి మచ్చవుతుంది. ఒక చక్రానికి కొట్టి, బ్రష్ పెట్టి, కడిగేశాకే ఇంకోదానికి వెళ్లండి. నాలుగూ ఒకేసారి కొట్టి వస్తే మొదటిది ఎండిపోతుంది. రంగు మారిందని అది ఇంకా ముదిరేదాకా ఉంచక్కర్లేదు, సీసా మీద రాసిన టైమ్ చాలు. ఊదా అస్సలు రాలేదంటే అక్కడ ఇనుపపొడి లేదని, మామూలు షాంపూ సరిపోతుందని అర్థం.

పంప్ స్ప్రేయర్ కొనేటప్పుడు లోపలి సీళ్లు ఏ రబ్బరో చూసుకోవాలి. ఆల్కలైన్ మందులకి ఈపీడీఎమ్ సీళ్లు, యాసిడ్లకి విటాన్ సీళ్లు. ఒకే స్ప్రేయర్‌లో ఇవాళ అదీ రేపు ఇదీ పోస్తే సీలు ఉబ్బి హ్యాండిల్ దగ్గర కారడం మొదలవుతుంది. ఒక్కో మందుకి ఒక్కో స్ప్రేయర్ పెట్టుకుని పైన మార్కర్‌తో రాసుకోండి. మొక్కలకి కలుపుమందు కొట్టిన పంపు అయితే అసలు కారు దగ్గరికే తేవద్దు.

టైర్ డ్రెస్సింగ్ స్ప్రే బాటిల్లో వచ్చినా టైర్ మీద నేరుగా కొట్టొద్దు. ఆ తుంపర బ్రేక్ డిస్కు మీద పడితే బ్రేకు జారుతుంది. ఇది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి. స్పాంజి మీద కొట్టి టైర్ పక్క గోడకి మాత్రమే రాయండి. రోడ్డుని తాకే భాగానికి వద్దు. పావుగంట ఆగి మిగిలింది గుడ్డతో తుడవండి. లేకపోతే బండి కదలగానే చినుకులై డోరు మీద పడుతుంది. అంతా కడిగి ఆరబెట్టాక ఆ నల్లచుక్కలు చూస్తే ఏడుపొస్తుంది.

లోపల ఒకటే నియమం: మందు గుడ్డ మీద, గుడ్డ కారు మీద. డాష్‌బోర్డ్ మీద కొడితే స్విచ్చుల సందుల్లోకి, స్క్రీన్ అంచుల్లోకి దిగుతుంది. సందుల్లో దుమ్ముకైతే మెత్తని బ్రష్ మీద కొంచెం కొట్టి తిప్పండి. అద్దాలకి సన్‌ఫిల్మ్ ఉంటే అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వద్దు, ఫిల్మ్ పాడవుతుంది.

బకెట్_బాబాయ్:

అమ్మా, నువ్వు చెప్పాక నేనూ డోరు కింద వేలు పెట్టి చూశాను. బకెట్ పద్ధతిలో కడిగిన మర్నాడే. సర్లే, పంప్ స్ప్రేయర్ ఒకటి చూస్తాను. లాన్స్ మాత్రం కొనను.

తడిగుడ్డ:

కొనక్కర్లేదు బాబాయ్ గారూ. స్ప్రేయర్, బకెట్లు ఉంటే మీ కారుకి లోటేం లేదు.

లాన్స్ ఉన్నవాళ్లు పని అయ్యాక బాటిల్లో మంచినీళ్లు పోసి అర నిమిషం కొట్టండి. మందు లోపల ఎండితే ఆ తీగల జాలీ పూడుకుపోతుంది, నెల తిరిగేసరికి నురగ రావట్లేదని మళ్లీ ఇక్కడికే వస్తారు. స్ప్రేయర్ అయితే గాలి వదిలేసి, మూత తీసి, ఖాళీగా పెట్టండి. మందు కలిపి ఉంచేస్తే మరుసటి వారానికి బలం ఎంత ఉందో లెక్క తెలియదు.